చరోదా అత్త గోబర్ గ్యాస్ పొయ్యి

మా చరోదా అత్త పోయింది. ఆ కబురు అందేసరికి నేను భిలాయిలో సుపేలా బజారులో సున్నం కొంటున్నాను. ఒక చేతిలో సున్నం పొట్లం, మరో చేతిలో ఫోను, చుట్టూ ఆటోల హారన్లు. "అత్త వెళ్ళిపోయిందే," అన్నాడు అన్నయ్య. ఆ గోలలో సరిగా వినబడక "సున్నం దొరికింది, బయల్దేరుతున్నా," అన్నాను. అన్నయ్య అదే మాట మళ్ళీ అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. దుకాణం అతను "దీదీ, ఔర్ కుఛ్?" అని రెండుసార్లు అడిగాడు. ఇంకేమీ వద్దని చెయ్యి ఊపాను.

చావుకబురుకీ సున్నానికీ ఏమిటి సంబంధం అని మీరు అనుకోవచ్చు. ఉంది. ఆ సున్నం అత్త పెరట్లో ఉన్న గోబర్ గ్యాస్ గొయ్యికి. అది పాడైంది. పాడుచేసింది మేమే, ఆవిడ మీద ప్రేమతో. ఆవిడ ఉండగానే దాన్ని బాగుచేసి, ఆవిడ పొయ్యి మళ్ళీ వెలిగించి చూపించాలని మా తాపత్రయం. అది జరగలేదు.

అత్త అంటే మా నాన్నకి అక్క. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయిన కొత్తలోనే మావయ్యతో భిలాయి పక్కనున్న చరోదా వచ్చేసింది. మావయ్యకి రైల్వే యార్డులో ఉద్యోగం. వాళ్ళ వెనకాలే నాన్న వచ్చి భిలాయి స్టీల్ ప్లాంటులో చేరాడు. మేం సెక్టర్ 6 క్వార్టర్లలో పుట్టి పెరిగాం. మాకు అత్తలు చాలామంది కాబట్టి ఈవిడ చరోదా అత్త. పిల్లల్లేరు. మావయ్య రిటైరయ్యాక ఊరికి వెళ్ళిపోతారని అందరూ అనుకున్నారు గాని, వాళ్ళు రైల్వే కాలనీ దాటాక ఉన్న కాస్త జాగాలో రెండు గదులు వేసుకుని, గేదెల్ని కొనుక్కుని ఉండిపోయారు. ఇంట్లో ఊరికే కూర్చోవడం మావయ్యకి చేతకాదు. ఆయనే పెరట్లో గొయ్యి తవ్వించి గోబర్ గ్యాస్ కట్టించాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆయన పోయాడు. గొయ్యీ, గేదెలూ, పొయ్యీ అత్తకి మిగిలాయి.

చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఇటుకలతో కట్టిన బావి లాంటి గొయ్యి. పక్కనే చిన్న తొట్టి. అందులో పేడ, దానికి సరిపడా నీళ్ళు వేసి, గడ్డిపోచా రాయీ లేకుండా చేత్తో కలిపితే దోసెల పిండిలా అవుతుంది. అది గొట్టంలోంచి గొయ్యిలోకి జారుతుంది. లోపల గాలి ఆడదు. ఆ చీకట్లో పేడ మెల్లగా మాగి గ్యాసు పుడుతుంది. గొయ్యి మీద ఓ పెద్ద ఇనప డ్రమ్ము బోర్లించి ఉంటుంది. గ్యాసు నిండేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, వాడేకొద్దీ దిగుతుంది. అక్కణ్ణించి పైపు వంటింట్లోకి. మాగిపోయిన పేడ ఇంకోవైపు నుంచి బయటికొస్తుంది, వాసన కూడా పెద్దగా ఉండదు. దాన్ని పొలాలవాళ్ళు వచ్చి పట్టుకుపోయేవాళ్ళు.

అత్త రోజూ పొద్దున్న పాలు తీశాక ఆ తొట్టి దగ్గర కూర్చునేది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మోచేతుల దాకా పేడలో పెట్టి కలుపుతూ, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్పేది. సెక్టర్ల నుంచి వెళ్ళిన మా చుట్టాలు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే ఆవిడకి భలే సరదా. "ఏటమ్మా, ముక్కు మూసుకున్నావు? టీ తాగినప్పుడు మరి నోరు కూడా మూసుకుంతావేటి? ఈ పేడ మీద మరిగినదే కదా!" అనేది. అప్పుడు వాళ్ళు చచ్చినట్టు కొంగు తీసి నవ్వేవాళ్ళు. ఆ టీ తాగనివ్వకుండా ఎవర్నీ పంపేది కాదు. అల్లం దంచి, పాలు చిక్కగా పోసి, గ్లాసు అంచు దాకా నింపి ఇచ్చేది. సగం గ్లాసు చాలు అంటే కోపం.

ఆ గొయ్యిని ఆవిడ ఎప్పుడూ మనిషి కడుపుతోనే పోల్చేది. "దీనికి కూడా ఆకలేత్తాది, అరగదు, సలేత్తాది," అనేది. చలికాలం భిలాయిలో గ్యాసు తగ్గిపోతుంది. అప్పుడు డ్రమ్ము చుట్టూ గడ్డి కప్పి, గోనెసంచులు కట్టి, కలిపే నీళ్ళని బకెట్లలో ఎండలో పెట్టి గోరువెచ్చగా అయ్యాకే పోసేది. నేను స్కూల్లో సైన్సు చెప్తాను కాబట్టి ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళాను. గాలి తగలనిచోట బతికే సూక్ష్మజీవుల గురించి నా పాఠం నేను చెప్పుకుంటూ పోతే, ఆవిడ అంతా శ్రద్ధగా విని, "అయితే నాకు ఇన్ని లచ్చల గేదెలున్నాయన్నమాట. ఎవులికీ సెప్పకండి, దిష్టి," అంది. పిల్లలు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటారు.

పోయిన శీతాకాలం మొదట్లో అత్తకి అన్నం సహించడం మానేసింది. మొదట గ్యాస్ట్రిక్ అనుకున్నాం. అత్తే "ఊరంతటికీ గేస్ నాను ఇత్తాను, నాకు గేసేటి?" అని నవ్వింది. పరీక్షలయ్యాక డాక్టరు అన్నయ్యని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి అన్నాడు. బాగా చూసుకోండి అంటే ఏం చెయ్యాలి? ఆ మాటకి అర్థం మాకెవరికీ ఎవరూ చెప్పలేదు. అన్నయ్య ప్లాంటులో ఇంజనీరు, ఏది చెడినా ఏ పార్టు మార్చాలో చెప్పగలిగినవాడు. ఆ రోజు మందుల షాపు ముందు చీటీ పట్టుకుని, ఏం కొనాలో తెలియనట్టు నిలబడ్డాడు. చీటీలో రాసినవి నొప్పి బిళ్ళలు మాత్రమే.

మా క్వార్టరుకి రమ్మంటే రానంది. చరోదాలోనే, వెనక గదిలో కిటికీ పక్కన మంచం వేయించుకుంది. అక్కణ్ణించి డ్రమ్ము కనిపిస్తుంది. ఆవిడ జీవితంలో మమ్మల్ని ఏదీ అడగలేదు. అప్పుడు మాత్రం అడిగింది.

"ఒలే, నానున్నన్నాళ్ళూ ఆ పొయ్యి మీదే వొండండి. మీ మావయ్య ఎట్టింది అదొక్కటే ఉన్నాది. దాన్ని ఆరిపోనీకండి."

అంతే. ఎంత చిన్న కోరిక. మందు అడిగితే లేదు, ఆయుష్షు అడిగితే లేదు. పొయ్యి అడిగింది. ఇదైనా చెయ్యగలం కదా అని నాకు లోపల ఎక్కడో సంతోషం కూడా కలిగింది. సెలవు పెట్టి వెళ్ళి ఉన్నాను. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ, మేం దీదీ అని పిలుస్తాం, గేదెల పని చూసేది. పేడ కలపడం నా వంతు. మొదటి రోజు మోచేతుల దాకా ముంచి కిటికీ వైపు చూస్తే, అత్త లోపల్నించి వేలు ఆడించింది, ఇంకా పలచగా అని.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్ళు. మా వాళ్ళలో జబ్బుమనిషిని చూడబోతే చేతులూపుకుంటూ వెళ్ళకూడదు. భిలాయిలో ఉన్న ఉత్తరాంధ్ర కుటుంబాలన్నీ ఒక్క ఊరువాళ్ళలాగే ఉంటాయి. ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది. రోజూ ఎవరో ఒకరు, టిఫిన్ క్యారియర్ తో. పరమాన్నం, పెరుగన్నం, చక్కెర పొంగలి, పులిహోర, సేమ్యా. "అత్తకి ఇష్టం కదా, ఒక్క ముద్ద అయినా తినిపించు." అత్త ఒక్క ముద్ద కూడా తినలేకపోయేది. నోటిదాకా తీసుకెళ్తే మొహం తిప్పేసేది. తెచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. గిన్నెలు మిగిలేవి. మేం ఎంత తినగలం? అన్నం కాలవలో పారబోయడానికి ఎవరికీ చెయ్యి రాదు. గేదెలకి పెట్టబోతే దీదీ నా చేతికి అడ్డం పడింది. "ఇత్నా చావల్? పేట్ ఫూల్ జాయేగా," అని కసిరింది. గేదెకి కడుపుబ్బుతుందని చెప్పడానికి దీదీ ఉంది. గొయ్యి తరఫున చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

అన్నం వేస్తే పేడకంటే ఎక్కువ గ్యాసు వస్తుందని మా పిన్ని ఫోన్లో ఎక్కడో వీడియో చూసిందట. అది అబద్ధం కూడా కాదు. కొద్దిగా వేస్తే వస్తుంది. పైగా చలికి డ్రమ్ము రోజురోజుకీ కుంగుతోంది. కిటికీలోంచి అత్త అదే చూస్తోంది. అది దిగితే ఆవిడ మనసు దిగిపోతుందని మా భయం. అందుకని వచ్చిన గిన్నెలన్నీ తొట్టిలో గుమ్మరించడం మొదలుపెట్టాం. నిజంగానే డ్రమ్ము లేచింది. ఇంత చలిలో అంత ఎత్తు ఎప్పుడూ లేవలేదు. అత్త దిండు ఎత్తించుకుని చూసి, "ఓలమ్మా, ఎంత లెగిసిపోనాదో," అని మురిసిపోయింది. మేం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని గర్వంగా నవ్వుకున్నాం.

తర్వాత మంట రంగు మారింది. నీలంగా నిలబడేది కాస్తా పసుపుపచ్చగా ఊగింది. బర్నరు మీంచి ఎగిరి ఆరిపోయింది. ఇంకో రెండు రోజులకి అంటుకోవడమే మానేసింది. పైపులో నీళ్ళు చేరాయేమోనని తీశాం. బర్నరు కన్నాలు పొడిచాం. గ్యాసు వస్తోంది, చెయ్యి పెడితే తెలుస్తోంది. అగ్గిపుల్ల పెడితే పుల్లే ఆరిపోతోంది. కిటికీలోంచి చూస్తే డ్రమ్ము నిండుగా, దర్జాగా నిలబడి ఉంది.

అన్నయ్య సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, బయటికొస్తున్న పేడనీళ్ళు వాసన చూశాడు. పుల్లటి కంపు. పుల్లబెట్టే సూక్ష్మజీవులు వేరు, ఆ పులుపుని గ్యాసుగా మార్చేవి వేరు అని చెప్పాడు. మొదటివి తిండి పడగానే విజృంభిస్తాయి. రెండోవి నెమ్మది, పులుపు ఎక్కువైతే పని మానేస్తాయి. డ్రమ్ములో ఉన్నది మండే గాలి కాదు. కారణం అన్నయ్యకి తెలుసు, విరుగుడు కూడా తెలుసు. ఏమీ వెయ్యకుండా వదిలెయ్యాలి, కాస్త సున్నపు నీళ్ళు పొయ్యాలి, దానంతటది కోలుకునేదాకా ఆగాలి.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాను.

"ఈ చలికి వారాలు పడుతుంది," అని, వెనక గది వైపు చూసి, ఆ మాట అన్నందుకు తనమీద తనే విసుక్కున్నట్టు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మా క్వార్టరు నుంచి సిలిండరు తెచ్చి, వంటింటి మూల గోనెసంచి కప్పి పెట్టాం. దాని మీద వండుతూ, పాత పొయ్యి మీద వండుతున్నట్టు నటించాం. ఆవిడ లేచి వచ్చి చూడలేదు కదా. టీ కలిపి చెంచాతో పట్టిస్తే రెండు చెంచాలు మింగి "బాగున్నాది" అనేది. నాకు ఏడుపొచ్చేది. చచ్చిపోతున్న మనిషికి అబద్ధం చెప్పడం సులువనుకుంటారు గాని, ఆవిడ కళ్ళలోకి చూడ్డం మానేశాను నేను.

ఒక మధ్యాహ్నం జావ పట్టుకుని వెళ్తే, కళ్ళు మూసుకునే అడిగింది.

"ఒలే, ఆ సిలిండర్ ఎవులిది?"

"ఏ సిలిండర్ అత్తా?"

"నానేటి సెవిటిదాన్నేటి? దొర్లించుకొచ్చినారు కదా, ఇల్లంతా అదిరీలాగ."

నేను జావలో చెంచా తిప్పుతూ కూర్చున్నాను.

"గొయ్యి పుల్లబడిపోనాది కాదేటి? వాసన ఇక్కడికే వొచ్చేత్తన్నాది. ఏటి పోసినారు?"

దాచి లాభం లేదని అన్నీ చెప్పాను. పెరుగన్నం, పరమాన్నం, సేమ్యా. పులిహోర అనేసరికి కళ్ళు తెరిచింది. "పులిహోర కూడానా!" అని నవ్వు మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గుతెర వచ్చి, ఆయాసంతో నా చెయ్యి పట్టుకుంది.

"నాకు తినిపించలేక, దానికి తినిపించీసినారే," అంది. ఆయాసం తగ్గాక, "దాన్నొగ్గీండి. కొన్నాళ్ళు పస్తుంటే అదే సర్దుకుంతాది. నన్ను కూడా ఒగ్గీండే."

నా చేతిలో చెంచా అలాగే ఉంది. గొయ్యిని వదిలెయ్యడం తేలికే. ఆ రోజు నుంచి ఒక్క గుప్పెడు పేడ కూడా వెయ్యలేదు. అత్తని వదిలెయ్యడం మాత్రం మావల్ల కాలేదు. పూట పూటకీ ఏదో ఒకటి కలిపి, చెంచా పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. ఆవిడ నోరు తెరవదు. నేను లేవను. ఇంకేం చెయ్యాలో తెలియనప్పుడు మా ఆడవాళ్ళకి వచ్చిన విద్య ఇదొక్కటే, తినిపించడం. ఒక్కోసారి నన్ను చూసి జాలేసి కాబోలు, పెదవులు తడిపించుకునేది. అది నాకోసమే. తన రోగంలో కూడా ఆవిడే నన్ను ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

పొయ్యి దగ్గర కూడా నేను ఊరుకోలేదు. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి వెళ్ళి డ్రమ్ములో గాలి కాస్త వదిలేసి, అగ్గిపుల్ల గీసి చూసేదాన్ని. లోపల్నించి అత్తకి ఆ గీసిన చప్పుడు వినిపించేదేమో. ఒకరోజు "అగ్గిపుల్లలు దండగే. బేగి బేగి అంటే అవుద్దేటి?" అంది, గొంతు సగం పోయి. తొందరగా కావాలని నాకు ఎందుకుందో ఆవిడకి తెలియదా? తెలుసు. తెలిసే అన్నది.

దాంతో ఉండబట్టలేక సున్నానికి సుపేలా వెళ్ళాను. అన్నయ్య చెప్పిన విరుగుళ్ళలో అదొక్కటే మిగిలింది. ఆటో ఎక్కేముందు అత్త నిద్రపోతోంది. దీదీ పక్కనే కూర్చుని కాళ్ళు రాస్తోంది. అలా రాస్తుండగానే ప్రాణం పోయిందట, దీదీకే వెంటనే తెలియలేదట. నేను సుపేలా నుంచి ఎలా వచ్చానో గుర్తులేదు. ఆ సున్నం పొట్లం ఇంటికి చేరలేదు. ఆటోలోనే వదిలేసి ఉంటాను.

కర్మకాండలన్నీ సిలిండరు మీద వండిన వంటలతోనే జరిగాయి. అత్తకి తెలిస్తే ఏమనేదో అని అన్నయ్య ఒక్కసారి అన్నాడు, మళ్ళీ అనలేదు. గేదెలు దీదీ పాకలోకి వెళ్ళాయి. ఆవిడ తప్ప వాటిని ఎవరు చూసుకుంటారు? మాకు క్వార్టర్లలో కుక్కని కట్టేసే చోటు కూడా లేదు. పాలు తీసేవేళకి అవి ఇప్పటికీ అత్త పెరడు వైపే తల తిప్పుతాయని దీదీ చెప్పింది. గిన్నెలు, చీరలు, మంచం, ఎవరికి ఇవ్వాలో వాళ్ళకి ఇచ్చేశాం. ఆ గొయ్యిని మాత్రం ఎవరూ అడగలేదు. దాన్ని ఎవరు మాత్రం ఎలా పట్టుకుపోతారు?

అత్త గురించి నాలుగు మాటలు చెప్పమని సంతాప సభలో అడిగితే నేను లేవలేదు. ఆవిడ గొప్పవి ఏమీ చెయ్యలేదు. వచ్చినవాళ్ళకి టీ ఇచ్చింది. ఎవరి దగ్గరా ఏదీ తీసుకోలేదు. ఒకే ఒక్కటి అడిగితే మేం ఇవ్వలేకపోయాం. చదువుకున్నవాళ్ళం, ఇంజనీర్లం, టీచర్లం, ఇంతమందిమి ఉండి, కారణమూ మందూ రెండూ తెలిసి కూడా ఇవ్వలేకపోయాం. దానికి కావలసింది నెమ్మది. అది మా దగ్గర లేదు, ఆవిడ దగ్గర ఇంక మిగల్లేదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఇల్లు ఊడ్చి తాళం పెట్టి రావాలని వెళ్ళాను. పెరట్లో బుడబుడమని చప్పుడు. డ్రమ్ము ఎంత లేవగలదో అంతా లేచి ఒక పక్కకి ఒరిగి ఉంది. అంచుల వెంట పేడనీళ్ళలోంచి గ్యాసు బుడగలుగా బయటికి పోతోంది. పిడికెడు పేడ వేసినవాళ్ళు లేరు, కదిపినవాళ్ళు లేరు. గోడ అవతల్నించి దీదీ తొంగి చూసి, "జలా కే దేఖో," అంది, వెలిగించి చూడమని.

వంటింట్లోకి వెళ్ళి గ్యాసు పైపు కాక్ తిప్పి, అగ్గిపుల్ల గీశాను. మొదటి పుల్లకే అంటుకుంది. నీలంగా, చుట్టూ సమంగా, ఊగకుండా.

"అత్తా, అంటుకుంది!" అని అరిచేశాను.

వెనక గదిలో మంచం లేదు. కిటికీ తెరిచే ఉంది. పొయ్యి మీద పెట్టడానికి ఇంట్లో ఒక్క గిన్నె లేదు. ఆర్పడానికి నాకు చెయ్యి రాలేదు. మంట సన్నగా చప్పుడు చేస్తూ వెలుగుతోంది, బయట డ్రమ్ము మెల్లమెల్లగా కిందికి దిగుతోంది.